హైస్కూల్ బిజినెస్ స్టడీస్ టీచర్ ట్రైనింగ్: ఏడాది కోర్సు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను. హైస్కూల్లో బిజినెస్ స్టడీస్ చెప్పడానికి నేను చేసిన ఏడాది ట్రైనింగ్ కోర్సులో స్కూల్లో గడిపిన భాగం బ్రహ్మాండం, లెక్చర్ హాల్లో గడిపిన భాగం అంతంత మాత్రం, ఫైళ్ల సంగతైతే అడక్కండి. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే వేరే చోట్ల చేసిన వాళ్లతో మాట్లాడితే వాళ్లదీ దాదాపు ఇదే కథ, పేర్లు మారతాయంతే.

ఈ సబ్జెక్టంటే డెఫినిషన్లు, ప్రయోజనాలు ఐదు, లోపాలు ఐదు, బట్టీ పడితే మార్కులు అని బయట చాలామంది అనుకుంటారు. అలాగే చెప్పేస్తే టీచరుకీ హాయి, పిల్లలకీ హాయి. కానీ అలా చదివిన పిల్లాడి ముందు ఒక చిన్న షాపు లెక్కలు పెట్టి, ఈ ఓనరు ఇంకో మనిషిని పెట్టుకోవాలా, ఉన్న మనిషికే ఓవర్‌టైమ్ ఇవ్వాలా అని అడగండి, రెండిటి లాభనష్టాలూ గడగడా చెప్పి అక్కడే ఆగిపోతాడు. ఏది చేయాలో మాత్రం చెప్పడు. అందుకే ఈ కోర్సును నేను ఒక్క విషయంతోనే కొలుస్తున్నాను: పిల్లల చేత పాయింట్లు అప్పజెప్పించడం నేర్పిందా, నిర్ణయం చెప్పించడం నేర్పిందా?

థియరీ వారాలతో మొదలవుతుంది. సైకాలజీ, పెడగాజీ (ఎలా బోధించాలి), అసెస్‌మెంట్. విషయం గుర్తుంచుకోవడం నుంచి ఎవాల్యుయేషన్ (బేరీజు వేసి తేల్చడం) దాకా నేర్చుకోవడానికి బ్లూమ్ అనే విద్యావేత్త 1956లో వేసిన మెట్లు అందరి చేతా కంఠస్థం చేయించారు. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ వాటిని సవరించారని, ఎవాల్యుయేషన్ ఒక మెట్టు దిగి పైన సృజన వచ్చి కూర్చుందని లెక్చరర్ చెప్పలేదు, చివరి బెంచీలోంచి ఒకాయన చెప్పాడు. స్లైడ్ మాత్రం మారలేదు. విజువల్, ఆడిటరీ, కైనెస్థెటిక్ (చూసి, విని, చేసి నేర్చుకునేవాళ్లు) అంటూ పిల్లల్ని మూడు రకాలుగా విడదీసి ప్రతి లెసన్ ప్లాన్‌లోనూ మూడింటికీ తలా ఒక యాక్టివిటీ రాయమన్నారు. పిల్లాడి స్టైల్‌కి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటాడనడానికి తగిన ఆధారాలు లేవని 2008లోనే పాష్లర్, ఆయనతో పాటు మరో ముగ్గురు సైకాలజిస్టులు పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. టీచర్లకి నేర్పే చోట ఇంకా అదే నడుస్తోందంటే కొంచెం చిరాకేస్తుంది. మనిషి అవసరాల్ని కింది నుంచి పైకి పేర్చి చూపే మాస్లో త్రిభుజం సంగతీ అంతే. ఆయన 1943 వ్యాసంలో అవసరాల క్రమం ఉంది గానీ త్రిభుజం బొమ్మ లేదు, అది తర్వాత వాళ్లు గీసింది. మా సబ్జెక్టులో మోటివేషన్ పాఠం మొత్తం ఆ బొమ్మ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఆ మాట చెప్పాల్సింది మాకే.

థియరీ అంతా దండగ అని అనను. రెండు క్లాసులు మాత్రం డబ్బులు వసూలయ్యాయి అనిపించాయి. ఒకటి స్వెల్లర్ అనే సైకాలజిస్టు చెప్పిన కాగ్నిటివ్ లోడ్ (బుర్ర మీద పడే భారం) గురించి. కొత్త విషయాలు ఒకేసారి ఎక్కువ పడేస్తే బుర్ర పట్టుకోలేదు అనేది ఎవరికైనా తెలిసినట్టే ఉంటుంది గానీ, బ్రేక్ ఈవెన్ (లాభం నష్టం లేకుండా బయటపడే చోటు) పాఠంలో ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్, కాంట్రిబ్యూషన్, మార్జిన్ ఆఫ్ సేఫ్టీ నాలుగూ ఒకే స్లైడ్‌లో పెట్టిన లెసన్ ప్లాన్‌ని మా ముందే విడగొట్టి చూపించినప్పుడు అసలు సంగతి ఎక్కింది. రెండోది మేరీ బడ్ రో పరిశోధన. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడుగవుతాయని, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా విప్పుతారని ఆవిడ చూపించింది. మూడు సెకన్లు చిన్నవిగా కనిపిస్తాయి. ముప్పై మంది మొహాలు మీవైపే చూస్తుంటే ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

ఇక సబ్జెక్టు మెథడ్స్ క్లాసులు, అంటే ఈ సబ్జెక్టు ఎలా చెప్పాలో నేర్పేవి. ఇక్కడే కోర్సు ఎక్కువగా నిరాశపరిచింది. బ్యాచ్‌లో బీకాం వాళ్లున్నారు, ఎకనామిక్స్ వాళ్లున్నారు, బ్యాంకులో పని చేసి వచ్చినవాళ్లు, సేల్స్‌లో విసిగిపోయి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అకౌంట్స్ నుంచి వచ్చినవాళ్లకి లెక్కలు వేళ్ల మీద ఉంటాయి, కాబట్టి మూడు మెట్లు ఒకేసారి దూకేస్తారు, వెనకాల పిల్లలు ఎక్కడ తప్పిపోయారో తెలీదు. మార్కెటింగ్ నుంచి వచ్చినవాళ్లు కథలు అద్భుతంగా చెబుతారు, రేషియోలు రాగానే టెన్షన్. మొదటి వారం మా చేత ఒక ఫారం నింపించారు, ఏ టాపిక్ బాగా వచ్చు, ఏది రాదు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అంటూ. మంచి ఆలోచనే. కాకపోతే ఆ ఫారం ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఎరుపు పెట్టినవాళ్లు ఎరుపులోనే స్కూలుకి వెళ్లారు.

నిజానికి ఈ సబ్జెక్టులో పిల్లలు ఎక్కడెక్కడ తడబడతారో ఒక జాబితా ఇస్తే సగం పని అయిపోతుంది. అది మాకు కోర్సు ఇవ్వలేదు, ప్రాక్టీస్ చేసిన స్కూల్లో నాకు మెంటార్‌గా దారి చూపిన టీచర్ ఇచ్చింది. టీషర్టులు ప్రింట్ చేసి అమ్మే చిన్న వ్యాపారం తీసుకోండి. మెషీన్ అద్దె వగైరా ఫిక్స్‌డ్ కాస్ట్ 4000. ఒక్కో టీషర్టుకి అయ్యే ఖర్చు 150, అమ్మే ధర 250. ఎన్ని అమ్మితే లాభం నష్టం లేకుండా బయటపడతారు అంటే, క్లాసులో సగం మంది 4000ని 250తో భాగించి 16 అంటారు. వాళ్లకది పక్కా జవాబు. తప్పు అని చెప్పి ఫార్ములా రాసేస్తే వాళ్లు ఫార్ములా రాసుకుంటారు, బుర్రలో మాత్రం 16 అలాగే ఉంటుంది. మెంటార్ ఏం చేసేదంటే, సరే 16 అమ్మేశాం, లెక్క చూద్దాం అనేది. వచ్చింది 4000. మరి ఆ 16 టీషర్టులు కొనడానికీ ప్రింటింగుకీ అయిన 2400 ఎవరిస్తారు? అప్పుడు ఎవరో ఒకరు, మేడమ్, ఒక్కోదాని మీద మనకి మిగిలేది 250 కాదు, 100 అని అంటారు. ఇంక కాంట్రిబ్యూషన్ అనే పేరు ఒక్కటి చెబితే చాలు, 4000ని 100తో భాగించి 40 వాళ్లే తెస్తారు. గ్రాఫులో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. మొత్తం ఖర్చు గీతని సున్నా దగ్గర నుంచి మొదలుపెడతారు. ఒక్కటి కూడా అమ్మకపోయినా అద్దె కట్టాలి కదా, గీత 4000 దగ్గర మొదలవ్వాలి అని వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆగడమే అసలు పని.

లాభం వేరు, చేతిలో నగదు వేరు అనేది ఇంకో పెద్ద గొయ్యి. సరుకు అప్పుకి అమ్మితే పుస్తకంలో లాభం కనిపిస్తుంది, బ్యాంకు ఖాతా మాత్రం ఖాళీ. బ్యాంకు నుంచి తెచ్చిన లోన్‌ని ఆదాయంలో వేసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. 80కి కొని 100కి అమ్మితే మార్కప్ (కొన్న ధర మీద లాభం) 25 శాతం, మార్జిన్ (అమ్మిన ధర మీద లాభం) 20 శాతం, ఒకే 20ని రెండు వేర్వేరు అంకెలతో పోలుస్తున్నాం అనేది పెద్దవాళ్లకే అయోమయం, మా బ్యాచ్‌లోనే దాని మీద అరగంట వాదన జరిగింది (బ్యాంకు నుంచి వచ్చినాయన గెలిచాడు). ఇవన్నీ మెథడ్స్ పీరియడ్లలో చెప్పాల్సినవి. మాకు ఆ పీరియడ్లలో ఎక్కువగా చార్టులు చేయడం, రంగు రంగుల పీపీటీలు చేయడం నేర్పారు.

మైక్రో టీచింగ్ గురించి రెండు ముక్కలు. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి ఇది, ఒక్క నైపుణ్యాన్ని తీసుకుని కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, వెంటనే ఫీడ్‌బ్యాక్, మళ్లీ చెప్పడం. పద్ధతి మంచిదే. విద్యార్థులుగా కూర్చునేది మన తోటివాళ్లే కావడమే దీనితో వచ్చిన చిక్కు. పాపం అన్నిటికీ సరైన జవాబులు చెప్పేస్తారు, లేదంటే అల్లరి పిల్లల్లా నటించి ఆస్కార్ కొట్టాలని చూస్తారు. గొంతు సరిచేసుకోవడానికీ, బోర్డు మీద రాత సరిచేసుకోవడానికీ పనికొస్తుంది. అంతకు మించి ఆశించకండి.

టీచింగ్ ప్రాక్టీస్ దగ్గరికి వస్తే మాత్రం కోర్సు వేరే కోర్సు అయిపోతుంది. నాకు దొరికిన మెంటార్ చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టే చెబుతున్న టీచర్. ఆవిడ నా క్లాసు చూడ్డానికి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ తెచ్చుకునేది, పేజీ మధ్యలో నిలువు గీత, ఎడమ వైపు టైము, నేనన్న మాట, కుడి వైపు పిల్లలు ఏం చేస్తున్నారు. అంతే. బాగుంది, బాలేదు అనే మాట ఎక్కడా ఉండదు. ఒక పేజీలో ఇలా ఉంది: 10.14, అర్థమైందా అన్నారు. ముందు వరుసలో నలుగురు తలూపారు. కిటికీ వైపు ఆరుగురు బోర్డు కాపీ చేస్తున్నారు. 10.14, తర్వాతి టాపిక్. రెండు చోట్లా అదే టైము చూశాక ఇంక ఆవిడ వేరే ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అర్థమైందా అని అడగడం మన టీచర్లందరికీ ఊతపదం, దానికి అవును తప్ప జవాబు ఉండదు. ఆవిడ సలహా ఒకటే: ఆ మాట వచ్చిన ప్రతిచోటా దాని బదులు ఒక చిన్న ప్రశ్న పెట్టండి, జవాబు అందరి చేతా కాగితం మీద రాయించండి, తిరుగుతూ చూడండి. అద్దె రెట్టింపైతే బ్రేక్ ఈవెన్ ఎటు కదులుతుంది, ఎందుకు? ఒక్క వాక్యం. దానితో ఎవరు ఎక్కడున్నారో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ ఒక్క నోట్‌బుక్ కోసం కోర్సు ఫీజు మొత్తం కట్టొచ్చు అంటాను నేను. కాలేజీ నుంచి వచ్చే సూపర్‌వైజర్ మాత్రం వేరే రకం, చేతిలో చెక్‌లిస్ట్, ఆబ్జెక్టివ్స్ బోర్డు మీద రాశారా, టిక్, టెక్నాలజీ వాడారా, టిక్, ముగింపులో పాఠం సారాంశం చెప్పారా, టిక్. ఆయన రిపోర్టుల్లో నాకు మంచి మార్కులే వచ్చాయి, వాటి నుంచి నేర్చుకున్నది మాత్రం పెద్దగా లేదు.

స్టాల్ రోజు గురించి చెప్పాలి. పిల్లల చేత నిజంగా ఏదో ఒకటి తయారు చేయించి స్కూల్లోనే అమ్మించడం ఈ సబ్జెక్టులో మామూలే, చాలా చోట్ల అది సరదా కార్యక్రమంగా మిగిలిపోతుంది. మా వాళ్లు బుక్‌మార్కులు, గ్రీటింగ్ కార్డులు చేసి అమ్మారు. సాయంత్రానికి డబ్బా తిప్పి లెక్కపెట్టి, మేడమ్, తొమ్మిది వందలు లాభం! అని ఒకటే కేరింతలు. మెంటార్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కార్డ్ షీట్లు ఎవరు తెచ్చారమ్మా?"

"మా నాన్న కొనిచ్చారు మేడమ్."

"అయితే మీ నాన్న ఇన్వెస్టరా, అప్పిచ్చారా, లేక దానమా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత టేబుల్ అద్దె అడిగింది. తర్వాత మీరు ఆరుగురు మూడు సాయంత్రాలు కూర్చుని చేశారు కదా, మీ కూలీ ఎంత అంది. ఒక పిల్లాడు కాగితం తీసుకుని లెక్కలేసి, ఇలా అయితే మనం అసలు నష్టపోయాం మేడమ్, వచ్చేసారి కార్డులు మానేసి బుక్‌మార్కులే చేయాలి, అవి తొందరగా అవుతాయి అన్నాడు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో, ఎందుకో అన్నీ ఆ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. పరీక్షలో ఎవాల్యుయేషన్ ప్రశ్నకి పిల్లలు రాయాల్సిందీ ఇదే. ఆ సంగతి మర్నాడు క్లాసులో బోర్డు మీద వాడి వాక్యమే రాసి చూపించాం, పరీక్ష జవాబుని అప్పటిదాకా పాయింట్ల పట్టిక అనుకున్నవాళ్లు అక్కడ కొంచెం కదిలారు.

కేస్ స్టడీల విషయంలో కోర్సు ఇచ్చిన మెటీరియల్ పాతబడింది. ఫిల్మ్ కంపెనీ కొడాక్ కథ మంచి కథే, 1975లో తమ కంపెనీలోనే స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు డిజిటల్ కెమెరా తయారు చేస్తే ఫిల్మ్ వ్యాపారం దెబ్బతింటుందని దాన్ని గట్టిగా పట్టించుకోలేదు, చివరికి 2012లో దివాలా పిటిషన్ వేశారు. ఇప్పటి పిల్లలకి ఇది చెప్పాలంటే ముందు ఫిల్మ్ రోల్ అంటే ఏంటో, డెవలప్ చేయించడం అంటే ఏంటో చెప్పాలి, పది నిమిషాలు అక్కడే పోతాయి. కోకా కోలా వాళ్ల న్యూ కోక్ కథ మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. 1985లో దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించి, కొత్తదే బాగుందని ఎక్కువ మంది అంటే పాతది తీసేశారు, జనం తిరగబడ్డారు, 79 రోజుల్లో పాతది వెనక్కి తెచ్చారు. ఇంతమందిని అడిగినా ఎందుకు తప్పింది అని వదిలేస్తే చాలు, క్లాసు దానంతట అదే నడుస్తుంది. రుచి ఎలా ఉందని అడిగారు గానీ పాతది తీసేస్తే ఏమంటారు అని గట్టిగా అడగలేదు అనే చోటికి ఎవరో ఒకరు వస్తారు. మార్కెట్ రీసెర్చ్ ప్రయోజనాలు ఐదు అని రాయించడం కన్నా ఇది ఎంతో నయం.

కోర్సులో నాకు బాగా నచ్చిన సెషన్ మాత్రం పేపర్లు దిద్దే సెషన్. ఒకే జవాబు పత్రం జిరాక్స్ తీసి అందరికీ ఇచ్చారు, మార్కింగ్ స్కీమ్ కూడా చేతిలోనే ఉంది, విడివిడిగా దిద్దమన్నారు. పన్నెండు మార్కుల ప్రశ్నకి ఒకరు నాలుగేశారు, ఒకరు పదేశారు. పది వేసినాయన జవాబు పొడుగు చూసి వేశాడు. నాలుగు వేసినామె, ఇందులో ప్రశ్నలో ఇచ్చిన షాపు పేరు తీసేసి వేరే పేరు పెట్టినా జవాబు మారదు, అంటే అప్లికేషన్ (చదివినదాన్ని ఆ షాపుకి అన్వయించడం) లేదు అంది. ఆ పరీక్ష నేను ఇప్పటికీ వాడుతున్నాను, పేరు మార్చినా చెల్లిపోయే జవాబుకి పైమార్కులు వేయను. ఇలాంటి సెషన్ వారానికొకటి పెట్టాల్సింది, మొత్తం కోర్సులో ఒక్కటి పెట్టి వదిలేశారు.

ఫైళ్ల గురించి ఎక్కువ రాస్తే బీపీ పెరుగుతుంది. ప్రతి పాఠానికి నాలుగు పేజీల లెసన్ ప్లాన్, దాని మీద రిఫ్లెక్షన్, దానికి సాక్ష్యంగా పిల్లల పని జిరాక్సులు, ఇండెక్సు, సంతకాలు. ప్లాన్ రాయడం అవసరమే, మొదటి పాఠాలకి నాలుగు పేజీలు రాస్తేనే మనకి మనం ఏం చెప్పబోతున్నామో తెలుస్తుంది. అలవాటయ్యాక కూడా అదే నాలుగు పేజీలంటే రాత్రి నిద్ర తగ్గడం తప్ప పాఠం మెరుగుపడదు. చివర్లో ఫైల్ బరువు చూసి మార్కులు వేశారేమో అని బ్యాచ్‌లో జోకు.

క్లాసు అదుపు చేయడం గురించి భయపడేవాళ్లు చాలామంది. అది అన్ని సబ్జెక్టులకీ ఒకటే, స్కూల్లోనే వస్తుంది. అల్లరి జరిగాక ఏం చేశారన్న దాని కన్నా జరగకుండా ముందే ఎలా చూసుకున్నారన్న దానిలోనే మంచి టీచర్లకి తేడా ఉంటుందని కూనిన్ అనే పరిశోధకుడు 1970లోనే రాశాడు, అంతవరకు కోర్సు కూడా సరిగానే చెప్పింది.

చేరే ముందు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. బిజినెస్ స్టడీస్ చిన్న సబ్జెక్టు. గణితానికి స్కూల్లో నలుగురైదుగురు టీచర్లుంటే దీనికి చాలా చోట్ల ఒక్కరే, ఆ ఒక్కరే ఎకనామిక్స్, అకౌంట్స్ కూడా లాగుతుంటారు. దాని వల్ల ప్రాక్టీస్‌కి వెళ్లినప్పుడు మీ సబ్జెక్టు తెలిసిన మెంటార్ దొరకడం అదృష్టం మీద ఉంటుంది. మా బ్యాచ్‌లో ఒకామెకి సోషల్ టీచర్‌ని మెంటార్‌గా ఇచ్చారు. మంచి మనిషే, క్లాసు నడపడం చక్కగా నేర్పాడు, కానీ ఆమె క్యాష్ ఫ్లో ఫోర్‌కాస్ట్‌లో ఓపెనింగ్ బ్యాలెన్స్ (నెల మొదట్లో చేతిలో ఉండే నగదు) తప్పు నెలలో వేస్తే పట్టుకునేవాళ్లు లేకపోయారు, తర్వాతి పరీక్షలో ముప్పై మంది పిల్లలూ అలాగే వేశారు. నాకు ఈ కోర్సు నచ్చిందంటే అది మెంటార్ వల్ల, ఆమెకి నచ్చలేదంటే అదీ మెంటార్ వల్లే. ఒకే ఫీజు, ఒకే సర్టిఫికెట్.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఆఫీసులో కూర్చుని అడగండి. బిల్డింగ్ గురించీ ప్లేస్‌మెంట్ పోస్టర్ గురించీ కాదు. మొత్తం వారాల్లో స్కూల్లో ఉండేవి ఎన్ని, వరుసగా ఉంటాయా ముక్కలు ముక్కలుగా ఉంటాయా, ఒకే స్కూలా రెండు స్కూళ్లా (రెండైతే మంచిది, ఒక్క చోటి అలవాట్లే లోకం అనుకోకుండా ఉంటాం). మెథడ్స్ చెప్పేవాళ్లు బిజినెస్ స్టడీస్ చెప్పినవాళ్లా, లేక అన్ని సబ్జెక్టుల వాళ్లకీ కలిపి ఒకరేనా. సబ్జెక్టులో వెనకబడ్డవాళ్లకి విడిగా క్లాసులున్నాయా. అన్నిటికన్నా ముందు, నా మెంటార్ ఈ సబ్జెక్టే చెబుతారా, ఆ పేరు నాకు ఎప్పుడు చెబుతారు అని అడగండి. దానికి చూద్దాంలే, సర్దుతాంలే అనే జవాబు వస్తే ఇంకో చోట కూడా అప్లికేషన్ పెట్టి ఉంచుకోండి.